ఒకే బిళ్ళ, రెండు కొట్లు

మీ చేతిలో కూడా ఆ చిన్న తెల్ల బిళ్ళ ఉంటే ఇది మీకోసమే. లేదంటే మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు రోజూ అది మింగుతూ ఉండొచ్చు, వాళ్ళకి చదివి వినిపించండి. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. భిలాయిలో సుపేలా బజార్లో చీరల కొట్టున్న ఇంట్లో పుట్టి, ఖుర్సీపార్‌లో ఉండే స్టీల్ ప్లాంటు ఉద్యోగిని చేసుకున్నదాన్ని. నాకొచ్చిన విద్య ఒక్కటే, బేరం. ఆటోవాడు, కూరలవాడు, మా అమ్మాయి పింకీకి లెక్కలు చెప్పే టీచరు, ఎవరి దగ్గరైనా సరే ఎంతో కొంత తగ్గించో పెంచో గాని కదలను. దేవుడికి కూడా "నువ్వు ఇది చెయ్యి, నేను అది చేస్తా" అనే తప్ప ఊరికే దణ్ణం పెట్టిన గుర్తు లేదు. అలాంటిదాన్ని బేరమే లేని చోట ఇరుక్కుపోయాను.

అటుపోయిన ఏడాది శీతాకాలం

ఎడమ రొమ్ములో గడ్డ స్నానం చేస్తుంటే తగిలింది. నొప్పి లేదు గనక ఏమీ కాదని నేనే తేల్చేసుకున్నాను. మా ఆయన రమణ ఆ సంగతి విన్నరోజు డ్యూటీ మానేసి నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళకపోతే, ఇంకా ఎన్నాళ్ళు అలా తేల్చుకుంటూ ఉండేదాన్నో. కోత, తర్వాత మందు ఎక్కించడం, ఆ తర్వాత కరెంటు పెట్టడం, అదే రేడియేషన్. ఆ నెలల గురించి వివరంగా రాయను. వాంతుల గురించి చదివి ఎవరికీ ధైర్యం రాదు.

ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. కోసి తీసిన ముక్కని పరీక్షకి పంపితే వచ్చిన కాగితంలో 'ఈస్ట్రోజన్ రిసెప్టర్ పాజిటివ్' అని ఉంది. కింద ఇంకో హార్మోను పేరు, దానికీ పాజిటివే. పింకీ పైకి చదివింది. మా అత్త సింహాచలమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చింది.

"పాజిటివా? మల్లీ అదే ఒచ్చీసిందేటి?"

ఎవరూ జవాబు చెప్పేలోపే నా కంచం, గ్లాసు తీసి కిటికీ గట్టు మీద పెట్టేసింది. బీరువాలోంచి పాత మాస్కు తీసి తగిలించుకుంది. పింకీ పగలబడి నవ్వింది. "నానమ్మా, వో వాలా నహీఁ! ఇది కరోనా కాదు!" ఆస్పత్రి మొదలైన దగ్గర్నించీ మా ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. అత్త మాస్కు తీసింది గాని, నా కంచం ఆ రోజంతా గట్టు మీదే ఉంది. ముందు జాగ్రత్తట.

మందు ఎక్కించే రోజుల్లో నేను లేవలేకుండా పడి ఉంటే అత్త అమ్మవారికి మొక్కుకుంది. మొక్కు ఆవిడది, మోసేది నేను. "నా కోడలు లేసి తిరిగితే దాని సేతే నీ ఘటం ఎత్తిస్తాను తల్లీ" అని. మా కొట్లో ఒకరి సరుకుకి ఇంకొకరు మాట ఇచ్చేయడం ఉండదు. కాని వాదించే ఓపిక లేదు, సరేనన్నాను. మా పేటలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కుటుంబాలన్నీ కలిసి ఎండాకాలం చివర అమ్మవారి పండగ చేస్తాయి. ఆడవాళ్ళు పసుపు రాసిన ఘటాలు నెత్తిన పెట్టుకుని చెప్పుల్లేకుండా వీధులన్నీ తిరుగుతారు. నేను లేచి తిరిగేసరికి ఆ ఏటి పండగ దాటిపోయింది. మొక్కు పై ఏడాదికి వాయిదా పడింది.

వానాకాలం

అన్నీ అయ్యాక ఆ బిళ్ళ చేతికొచ్చింది. రోజూ ఒకటి, ఏళ్ళ తరబడి. "ముందు అయిదేళ్ళు అనుకుందాం, తర్వాత చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆవిడ రాయపూర్ మనిషి, మాట్లాడేది హిందీ. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"అయిదేళ్ళా? రెండేళ్ళు చేద్దాం మేడమ్. బాగుంటే అప్పుడు పొడిగిద్దాం."

ఆవిడ పెన్ను కింద పెట్టి నా వంక చూసింది. తాళమూ, తాళంచెవీ అంటూ మొదలెట్టింది. ఒంట్లో ఊరే హార్మోను తాళంచెవి అట, కణం మీద దానికోసం ఒక తాళం ఉంటుందట, అది తెరుచుకుంటే కణం పెరుగుతుందట. నా గడ్డ కణాలకి ఆ తాళాలు నిండా ఉన్నాయట. పాజిటివ్ అంటే అదేనట. తాళాలున్నాయి గనకే మూసే దారి కూడా ఉంది, అది అదృష్టం అనుకోండి అంది. నాకు ఎక్కలేదు.

"ఆగండి మేడమ్. మా నాన్న కొట్లో ఒక రకం గిరాకీ వచ్చేది. స్టూలు మీద కూర్చుంటుంది, చీర మీద చీర విప్పిస్తుంది, కొనదు, లేవదు. వెనకాల నిజంగా కొనడానికి వచ్చినావిడ చోటు లేక పక్క కొట్టుకి పోతుంది. ఈ బిళ్ళ ఆ కొనని గిరాకీయా?"

డాక్టరమ్మ నవ్వేసింది. "బిల్‌కుల్! హార్మోను వచ్చేసరికి స్టూలు మీద మన బిళ్ళ కూర్చుని ఉంటుంది."

"మరి మధ్యలో ఒక నెల మానేస్తే? ఊరికే, విశ్రాంతికి?"

"ఆ నెల మీ గిరాకీ లేచి వెళ్ళిపోతుంది. స్టూలు ఖాళీ."

నా ఉపమానంతోనే నా నోరు మూయించింది. తలుపు దగ్గర ఇంకోసారి వెనక్కి తిరిగితే, నేను నోరు తెరవకముందే "ఏక్ దామ్" అంది. ఒకటే ధర, బేరాల్లేవు.

ఎండాకాలం

భిలాయిలో ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. దానికి తోడు ఈ బిళ్ళ తెచ్చే ఆవిర్లు. కూర తరుగుతూ ఉంటాను, ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ లేచి మెడ మీదుగా చెవుల దాకా ఎక్కుతుంది. జాకెట్టు తడిసి ముద్దవుతుంది, మరుక్షణం వణుకు. మా ఆయన కొలిమి పక్కన డ్యూటీ చేసి ఇంటికొచ్చి ఫ్యాను కింద కూర్చుంటాడు. నేను ఫ్యాను కింద కూర్చునే కొలిమిలోకి వెళ్తాను. తలుపులన్నీ తీసి ఉన్నా గదిలో పెట్టి గొళ్ళెం వేసినట్టుండేది. ఎందుకంటే ఆ గది నా ఒళ్ళే.

కూలరు నా వైపు తిప్పితే ఆయనకి ఉక్క, ఆయన వైపు తిప్పితే నాకు చావు. మంచం మీద మా ఇద్దరి మధ్య కూలరు గాలి తప్ప ఇంకేదీ అటూ ఇటూ దాటడం మానేసింది. ఒకరోజు "ఒక్క బిళ్ళే కదా, రోజుకి" అన్నాడు పాపం, ఓదార్పుగానే. చేతిలో ఉన్న చెంబు గోడకేసి కొట్టాను. చెంబుకి సొట్ట పడింది. ఆయన దాన్ని తీసి బోర్లించి, వెళ్ళి బాల్కనీలో నిలబడ్డాడు.

ఆ మధ్యనే రక్తం కనిపించింది. మందు ఎక్కించినప్పుడు ఆగిపోయిన నెలసరి, అప్పట్నించీ పత్తా లేదు. ఇప్పుడు ఉన్నట్టుండి మరకలు, నాలుగు రోజులు ఆగి మళ్ళీ. నేను భయపడ్డానని అనుకుంటున్నారా? సంబరపడ్డాను. ఒంట్లోంచి తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని రోగం, పోయినవాటిలో ఒకటి తిరిగి తెచ్చిచ్చిందనుకున్నాను. అత్తయితే బెల్లం పరమాన్నం వండింది.

"సూసినావేటే, ఒల్లు బాగుపడ్డాది. మల్లీ కుదురుకున్నాది."

పరమాన్నం తిన్నాం. డాక్టరుకి చెప్పాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. బాగుపడుతున్నదానికి డాక్టరెందుకు?

పండగ దగ్గరపడేసరికి అత్తకి దిగులు పట్టుకుంది. మరకలు ఏ రోజు వస్తాయో లెక్క లేదు, ముట్టులో ఘటం ఎత్తకూడదు. దానికి మా పేటలో అందరికీ తెలిసిన ఉపాయం ఉంది, పూజ బిళ్ళ. పెళ్ళి, వ్రతం, తీర్థయాత్ర ఏదొచ్చినా నెలసరిని వెనక్కి జరపడానికి ఆడవాళ్ళు వేసుకునే బిళ్ళ. మందుల కొట్టువాడు డాక్టరు చీటీ అడగడు, "పూజా కబ్ హై, దీదీ?" అంటాడు, పూజ ఎప్పుడక్కా అని. నేనూ ఎన్నో వ్రతాలు ఆ బిళ్ళల మీదే దాటించాను. అత్త వెళ్ళి తెచ్చి నా ముందు పెట్టింది.

"అదీ హార్మోను బిల్లే, ఇదీ హార్మోను బిల్లే. నీకు అలవాటే కదా. ఏసీసుకో."

నిజం చెప్పొద్దూ, నా బుర్రకీ అది మంచి బేరంలాగే తోచింది. ఒకటి హార్మోనుని ఆపేది, ఒకటి హార్మోనుని ఇచ్చేది, రెండూ కొట్టుకుని సరిపోతాయి. కాని సరుకు కొనేముందు నలుగురినీ అడిగే అలవాటు నాది. డాక్టరమ్మకి ఫోను చేశాను. అడగడానికి కాదు, ఒప్పించడానికి.

"పూజ బిళ్ళ మేడమ్, మూడ్రోజులే, పండగ దాకా..."

"ఆ బిళ్ళ కింద పెట్టండి." గొంతు మారిపోయింది. "మీ రిపోర్టులో రెండు పాజిటివ్‌లు ఉన్నాయి. ఆ బిళ్ళలో ఉన్నది రెండోదానికి సంబంధించిన హార్మోను. అది మీకోసం కాదు, ఎప్పటికీ కాదు. అసలు నెలసరి వాయిదా వెయ్యడమేమిటి? మీకు రక్తం కనిపిస్తోందా? ఎప్పట్నించి?"

చెప్పాను.

"రేపు పొద్దున్నే రండి."

ఆస్పత్రి బెంచీ

పొద్దున్నే నేనూ, అత్తా, రమణా వెళ్ళాం. అసలు సంగతి అక్కడ బయటపడింది. ఆ కొనని గిరాకీ, రొమ్ము కొట్లో మాత్రమే కొనదట. గర్భసంచిలోనూ అలాంటి స్టూళ్ళే ఉన్నాయి, ఈ బిళ్ళ అక్కడా వెళ్ళి కూర్చుంటుంది. కాని కొట్టు మారితే బుద్ధి మారుతుంది. అక్కడ కొంచెం కొంటుంది కూడా. లోపలి పొర మందం కావచ్చు, చిన్న కాయలు మొలవొచ్చు, అరుదుగా చెడ్డది కూడా పుట్టొచ్చు.

"అంటే ఇది నెలసరి కాదా?"

"కాకపోవచ్చు. మందు చేసిన పని కావచ్చు. చూస్తేగాని తెలీదు. ఈ బిళ్ళ మీద ఉన్నవాళ్ళకి చుక్క రక్తం కనిపించినా మాకు చెప్పాలి. మీకు మొదట్లోనే చెప్పాను."

చెప్పే ఉంటుంది. ఆ రోజు నేను ఏళ్ళు తగ్గించే పనిలో ఉన్నాను.

అత్త పక్కనే కూర్చుని మొహాలు చూస్తూ ఉంది. "ఏటంటన్నాది?" అంటే తెలుగులో చెప్పాను. ఆవిడ చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

నన్ను స్కానింగుకి పంపారు. కడుపు నిండా నీళ్ళు తాగి, బాత్రూముకి వెళ్ళకుండా, పిలిచేదాకా కూర్చోవాలి. ప్రపంచంలో అంతకన్నా గట్టి జైలు లేదు. లేచి పరిగెత్తాలని ఉంటుంది, పరిగెత్తితే మళ్ళీ మొదట్నించి నీళ్ళు తాగాలి. పక్కన ఒక ఛత్తీస్‌గఢీ ముసలావిడ, ఏ పల్లె నుంచో కూతురికోసం వచ్చినట్టుంది. నేను కుదురుగా కూర్చోలేక కదులుతుంటే చూసి తన చెయ్యి నా మోకాళ్ళ మీద వేసింది. "ఝన్ డర్ నోనీ" అంది. భయపడకమ్మా అని. నన్ను పిలిచేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. పేరు కూడా అడగలేదు నేను.

స్కానులో లోపలి పొర మందంగా కనిపించింది, ఒక కాయ లాంటిదేదో ఉంది. మర్నాడు మత్తిచ్చి ఆ కాయ తీసి, కాస్త పొర గీకి పరీక్షకి పంపారు. ఫలితం పండగ తర్వాతగాని రాదన్నారు.

"అంతదాకా ఆ బిళ్ళ?" అని అడిగాను.

"కొన్ని రోజులు ఆపండి. ఫలితం చూసి చెబుతాను."

ఇన్నాళ్ళూ అడిగి అడిగి దొరకని సెలవు అది. దొరికాక చూస్తే, రొమ్ములో స్టూళ్ళన్నీ ఖాళీ అయిపోతున్నట్టు, ఎవరెవరో వచ్చి కూర్చుంటున్నట్టు ఒకటే ఊహ. మింగితే ఈ కొట్టుకి నిప్పు, మానితే ఆ కొట్టుకి నిప్పు. రెండు కొట్లూ నావే. నాన్న బతికుంటే రెంటికీ మధ్య గోడ కొట్టేసి ఏదో ఒకటి చేసేవాడేమో.

"మానెయ్యి పూర్తిగా" అన్నాడు రమణ ఆటోలో. ఇంటికి చేరేసరికి "లేదు, మానకు" అన్నాడు. లంచి డబ్బా చేతిలో పట్టుకుని డ్యూటీకి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నన్నేం చెయ్యమంటావో చెప్పు. అది చేస్తా."

"ఏమీ చెయ్యొద్దు. పక్కన కూర్చో."

కూర్చున్నాడు. కూలరు నా వైపు తిప్పి, తను చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

పండగ

పండగ నాటికి ఇంకా మరకలు ఆగలేదు. గీకిన తర్వాత కొన్నాళ్ళు ఉంటుందన్నారు. మొక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు. పొద్దున్నే అత్త తలంటుకుని, ఎర్ర చీర కట్టి, ఘటానికి పసుపు రాయడం మొదలెట్టింది.

"ఎవరికత్తా?"

"నాకే. నాకా ముట్టు గొడవ ఏనాడో తీరిపోనాది."

"నీ మోకాళ్ళో?"

"మోకాల్లు నీయా, నాయా? నోర్ముయ్."

సాయంత్రం డప్పులు మొదలయ్యాయి. నేను లోపలి గదిలో మంచం మీద ఉన్నాను. ముట్టులో ఉన్నవాళ్ళు అమ్మవారు వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడకూడదు, అది మా పేట పద్ధతి. కిటికీ తెరకి ఉన్న చిల్లులోంచి చూస్తూ కూర్చున్నాను. ఎండకి కాలిన తారు మీద చెప్పుల్లేకుండా ఆడవాళ్ళు నడిచి వస్తున్నారు. ప్రతి ఇంటి ముందూ ఆ ఇంటి ఆడవాళ్ళు వచ్చి ఘటాలవాళ్ళ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తున్నారు. వరసలో చివర మా అత్త. కుంటుతూ, ఒక చెయ్యి ఘటం మీద, ఒక చెయ్యి పింకీ భుజం మీద.

మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది. పింకీ బిందె తీసుకోబోతే వద్దంది.

"ఏటే! లోపలేటి సేస్తన్నావు? ఒచ్చి నీల్లు పొయ్యి."

నేను కదల్లేదు. పక్కింటి పైడమ్మ పిన్ని అప్పుడే నోరు చేసుకుంది. "అదేటి సింహాచలమ్మా, నీ కోడలు ముట్టులో ఉన్నాదటగా? మొన్న మీ పింకీయే సెప్పినాది."

"ముట్టు కాదు, మందు." అత్త మెడ తిప్పకుండానే అరిచింది, ఘటం కదలకూడదు కదా. "డాక్టరమ్మ సెప్పినాది. బిల్ల సేసిన పని. అమ్మోరికి మైల తెలుసును, మందు తెలుసును. నీకే తెలీదు."

"మరైతే తనే ఎత్తొచ్చుగా?"

"నీరసంగా ఉన్నాది. నీకు ఓపికుంటే ఇదిగో, నువ్వెత్తు!"

డప్పులవాళ్ళు నవ్వారు. పైడమ్మ పిన్ని వెనక్కి తగ్గింది. నేను గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. బిందె బరువుగా ఉంది. అత్త పాదాలు వాచి, మడమల దగ్గర బొబ్బలెక్కి ఉన్నాయి. నీళ్ళు పడగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. అమ్మవారికోసమో, చల్లదనానికో నాకు తెలీదు.

నా జన్మలో ఎన్నో బేరాలు చూశాను. అంత పెద్ద బేరం అంత తక్కువ మాటల్లో ముగించినవాళ్ళని చూడలేదు.

ఫలితం

తీసిన కాయలో చెడ్డదేమీ లేదు. పొరలోనూ లేదు. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే రమణ కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు, ఎందుకు లేచాడో తెలియనట్టు.

"ఇప్పుడు రెండు దారులు" అంది ఆవిడ. "ఇదే బిళ్ళ కొనసాగించి, గర్భసంచిని ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండటం. లేదా అండాశయాలు పనిచెయ్యకుండా చేసి వేరే బిళ్ళకి మారడం. అది స్టూలు మీద కూర్చునే రకం కాదు, హార్మోను తయారవకుండానే చేసే రకం. దానికి దాని కష్టాలున్నాయి, ఎముకలు, కీళ్ళు. ఆలోచించుకుని చెప్పండి, తొందర లేదు."

మూడో దారి ఉందా అని అడిగాను. లేదంది. రెంటిలోనూ ఏళ్ళు తగ్గవా అన్నాను. తగ్గవంది.

పాత బిళ్ళతోనే ఉంటానని చెప్పాను. ధైర్యం వచ్చి కాదు. తెలిసిన గిరాకీ, ఎక్కడ కొంటుందో ఎక్కడ కొనదో ఇప్పుడు తెలుసు, కన్నేసి ఉంచొచ్చు. మీకు డాక్టరు వేరే దారి చెబితే అదే మంచిది, నన్ను చూసి ఎంచుకోకండి. ఆవిర్లు ఇప్పటికీ వస్తున్నాయి. గొళ్ళెం తియ్యలేదు ఎవరూ. గదిలో వస్తువులు ఎక్కడెక్కడున్నాయో చీకట్లో కూడా తెలిసిందంతే.

బయటికొచ్చాం. రమణ మందులు తేవడానికి వెళ్ళాడు. బెంచీ మీద నాకన్నా చిన్నది, తలకి స్కార్ఫు కట్టుకున్న ఒకామె, నా చేతిలో బిళ్ళల అట్ట చూసి జరిగి చోటిచ్చింది.

"దీదీ, మీదీ ఇదే గోలీయా? నాదీ ఇదే." హిందీలో గుసగుసగా అంది. "మొదలెట్టి ఏడాది దాటింది. మొన్నట్నించి నాకు మళ్ళీ నెలసరి కనిపిస్తోంది, అప్పుడప్పుడు. మంచిదే కదా? ఒళ్ళు కుదుటపడుతున్నట్టే కదా?"

"డాక్టరుకి చెప్పావా?"

"ఇందులో చెప్పేదేముంది, దీదీ? నేను ఊరికే రక్తపరీక్ష కాగితం చూపించడానికి వచ్చాను. అదీ అయిపోయింది, బస్సుకోసం ఆగాను."

బస్సు తర్వాత ఎక్కుదువుగాని అన్నాను. డాక్టరమ్మ గది తలుపు దగ్గర ఆయా చెయ్యి అడ్డం పెట్టి, మీది అయిపోయింది కదా అంది. ఒక్క నిమిషం అన్నాను, అర నిమిషం అన్నాను, ఆయా ఇంకా ఏదో అంటూ ఉండగానే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఇప్పుడే బయటికొచ్చిన తలుపు మళ్ళీ తోశాను.